తలుపు అడుగున పూత ఎవరి పని?

(విజయవాడలో వడ్రంగులు, పాలిష్ పనివాళ్లు, పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు కలిసి కూర్చున్న ఒక సమావేశంలో ఒక వడ్రంగి చేసిన ప్రసంగానికి అక్షరరూపం.)

పెద్దలకు నమస్కారం. తమ్ముళ్లూ, వెనక నిలబడ్డవాళ్లు కాస్త ముందుకు రండి. ఇక్కడ చూపించేవన్నీ చిన్న వస్తువులు, దూరం నుంచి కనపడవు.

ముందు ఒక పని చేసి అప్పుడు మాట్లాడతాను. ఇవి రెండు మామిడి చెక్క ముక్కలు. ఒకే పలకలోంచి పక్కపక్కన కోసినవి. ఒకదాని అడుగున నిన్న రాత్రి ఒక పూత, ఇవాళ పొద్దున ఒక పూత సీలర్, అంటే చెక్క తడి తాగకుండా ఆపే మందు, వేశాను. రెండోదాన్ని కోసింది కోసినట్టే వదిలేశాను. ఈ పళ్లెంలో నీలం ఇంకు కలిపిన నీళ్లున్నాయి, అర అంగుళం లోతు కూడా లేవు. రెండింటినీ ఇందులో నిలబెడుతున్నాను. మాటలయ్యాక తీసి చూద్దాం.

నేను ఇవాళ చెప్పేది చెక్క కొస గురించి. పలకని అడ్డంగా కోస్తే రంపం వదిలిన ముఖం ఉంటుంది చూడండి, అది. పాలిష్ షాపుల్లో, వీడియోల్లో ఎండ్ గ్రెయిన్ అంటున్నారు. నేను కొస అనే అంటాను.

చెట్టు బతికున్నన్నాళ్లూ వేరు నుంచి ఆకుదాకా నీళ్లు మోసింది సన్నటి గొట్టాలతోనే. చెట్టుని కొట్టి, కోసి, ఎండబెట్టి, తలుపు చేసినా ఆ గొట్టాలు అలాగే ఉంటాయి. నిలువుగా చూస్తే మనకి గీతల్లా కనపడతాయి. అడ్డంగా కోస్తే వాటి నోళ్లన్నీ తెరుచుకుంటాయి. టేకు ముక్క కొసని పదునైన ఉలితో ఒక్క చీలిక తీసి వెలుతురులో పెట్టండి, వరసలు వరసలుగా సూది బెజ్జాలు కనపడతాయి. పలక ముఖం మీద కంటే ఈ కొసలోంచి తేమ 10 నుంచి 15 రెట్లు వేగంగా లోపలికీ బయటికీ నడుస్తుంది. అంటే పలక మీద మూడు పూతలు వేసి కొసని వదిలేస్తే, ఇంటికి అన్ని కిటికీలూ మూసి వీధి తలుపు తీసి పెట్టినట్టే.

ఇది మన పెద్దవాళ్లకి తెలియని విషయం కాదు. రోకలికి పొన్ను, అంటే ఇనప కట్టు, ఎందుకు వేస్తారు? దెబ్బ పడేది కొస మీద, పోగులు విడిపోయి చీలేది కొస దగ్గరే, అందుకు. మటన్ షాపులో చింత మొద్దు చూడండి. దాన్ని పడుకోబెట్టరు, నిలబెడతారు. కత్తి పడేది కొస మీద. అలాగైతే కత్తి పోగుల మధ్యకి దిగుతుంది గానీ పోగుల్ని అడ్డంగా తెంపదు, మొద్దు ఏళ్ల తరబడి నిలుస్తుంది, కత్తి పదునూ నిలుస్తుంది. ఆ మొద్దు మీద నీళ్లు పోస్తే ఎంతసేపట్లో ఇంకుతాయో కూడా గమనించండి. మన విజయవాడ జంక్షన్‌లో పాత చెక్క స్లీపర్లు చూసినవాళ్లకి గుర్తుంటుంది, వాటి కొసల్లో ఎస్ ఆకారంలో, సీ ఆకారంలో ఇనప పట్టీలు కొట్టి ఉండేవి. ఎండకి వానకి ఆ కొసలు పగిలిపోకుండా కట్టిన కట్టు అది.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి.

దాదాపు ముప్పై ఏళ్ల క్రితం గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇంటికి వీధి తలుపు చేశాను. టేకు పలకలు జోడించి చేసిన తలుపు. మంచి చేవ ఉన్న కర్ర, బెరడు పక్కన ఉండే మెత్తటి తెల్లచెక్క ఒక్క ముక్క కూడా వాడలేదు. వైశాఖంలో బిగించాం. పాలిష్ కుర్రాడు అద్దంలా చేశాడు. శ్రావణం వచ్చేసరికి కబురొచ్చింది, తలుపు పట్టేస్తోందని. వెళ్లాను, అంచు చిత్రిక పట్టాను, వచ్చేశాను. మరుసటి ఏడాది వేసవిలో మళ్లీ కబురు. ఈసారి సందు వచ్చింది, పెన్సిల్ దూరేంత. ఇంటాయన ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ. తలుపు దించి, తిరగేసి చూశాను. రెండు ముఖాలూ మెరుస్తున్నాయి. అడుగున మాత్రం పచ్చి చెక్క. పూత లేదు, పాలిష్ లేదు. నేను గీసిన పెన్సిల్ గీత కూడా చెక్కుచెదరకుండా ఉంది. ఏడాది పాటు గడప కడిగిన నీళ్లన్నీ ఆ గీత పక్కనుంచే పైకి ఎక్కాయి.

లెక్క చెప్తాను. టేకు చాలా బుద్ధిమంతమైన కర్ర. పచ్చి నుంచి పూర్తిగా ఎండేలోపు చెట్టు నడిమి నుంచి బెరడు దిక్కున సుమారు 2.5 శాతం, వలయాల వెంబడి 5.8 శాతం ముడుచుకుంటుంది. పొడవునా అయితే దాదాపు ఏమీ ఉండదు. తేమ 30 శాతం దగ్గర్నుంచి కిందికి దిగుతున్నప్పుడే ఈ ముడుచుకోవడం జరుగుతుంది. 3 అడుగుల వెడల్పున్న పలకల తలుపులో వానాకాలానికీ ఎండాకాలానికీ తేమ 3 శాతం మారిందనుకోండి, పలకలన్నీ ఎక్కువ ముడుచుకునే వైపు కోసినవైతే వెడల్పులో 5 మిల్లీమీటర్ల దాకా తేడా వస్తుంది. మనం తలుపుకి వదిలే సందు 3 మిల్లీమీటర్లు. మిగిలింది మీరే చూసుకోండి. పూత వేస్తే తేమ అసలు వెళ్లదని నేను అనను. ఏ పూతా తేమని పూర్తిగా ఆపదు, నెమ్మదింపజేస్తుంది. ఆ నెమ్మదే మనకి కావాలి. పది రోజుల ముసురు చెక్క లోపలిదాకా చేరేలోపే ఎండ కాయాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు మీలో చాలామంది సింగ్‌నగర్, పాయకాపురం వైపు పనులకి వెళ్లే ఉంటారు. నేనూ వెళ్లాను. రోజుల తరబడి నీళ్లలో నానిన తలుపుకి ఏ పూతా అడ్డం నిలవదు, అది ఒప్పుకోవాలి. ప్లైవుడ్ పొరలు పుస్తకంలా విచ్చుకున్నాయి. కానీ నేను అక్కడ తలుపులు దించుతుంటే ఇంకో సంగతి కనపడింది. వరద రాకముందే కుళ్లడం మొదలైన తలుపులు ఎన్నో ఉన్నాయి. అన్నీ ఒకే చోట కుళ్లాయి. తలుపు కింద రెండు మూలల్లో. ఎందుకా మూలల్లోనే? తలుపు చట్రంలో నిలువు కర్రల కొసలు కిందికి తెరుచుకునేది అక్కడే. మధ్యలో ఉండేది అడ్డ కర్ర, దాని పొడుగు అంచు నేలవైపు ఉంటుంది, అది అంత తాగదు. బాత్రూమ్ తలుపు ఏ ఇంట్లోదైనా చూడండి, మెత్తబడేది ముందు ఆ రెండు మూలలే. ద్వారబంధం కూడా అంతే. నిలువు కర్ర కాలు గచ్చులోకి దిగిన చోట మొదలై పైకి పాకుతుంది.

మరి అక్కడ పూత ఎందుకు ఉండదు? నేను దీని గురించి చాలా ఆలోచించాను. వడ్రంగి అనుకుంటాడు, పూత పాలిష్ వాడి పని అని. పాలిష్ వాడు వచ్చేసరికి తలుపు బిగించేసి ఉంటుంది. అడుగున కుంచె దూరదు. ఇంటాయనకి అడుగు కనపడదు, అడగడు. ముగ్గురిలో ఎవరూ తప్పు చేశామనుకోరు, తలుపు మాత్రం కుళ్లిపోతుంది. అందుకని నేను గట్టిగా చెప్తున్నాను, కొసకి పూత వడ్రంగి పని. రంపం పెట్టినవాడి పని. కోత అయిన బల్ల మీదే, బిగించకముందే అది జరిగిపోవాలి. తలుపు ఎత్తు సరిచూసుకుని చివరిసారి అడుగు కోస్తాం కదా, ఆ కోత తర్వాత తలుపుని గోడకి తలకిందులుగా ఆనించి రెండు పూతలు. మొదటిది పల్చగా. ఎండాక రెండోది. మొత్తం కూర్చుని చేసే పని పావుగంట ఉండదు.

ఏం వెయ్యాలి అని అడుగుతారు. గచ్చులోకి దిగే ద్వారబంధం కాలికి, గోడకి ఆనే వైపుకి మన ముందువాళ్లు తారు పూసేవాళ్లు. ఇప్పుడూ పూయొచ్చు, కనపడే భాగానికి తగలకుండా చూసుకుంటే చాలు. ఇంకా గట్టిగా కావాలంటే ఎపాక్సీ పల్చగా కలిపి తాగినంత తాగించండి. తలుపు అడుక్కీ, నెత్తికీ మాత్రం ముఖానికి వేసే పాలిషే వెయ్యండి, మెలమైన్ అయితే మెలమైన్, పీయూ అయితే పీయూ. వేరే వేరే వెయ్యక్కర్లేదు. లెక్క పూతల్లో కాదు, కొస తాగడం మానిందా లేదా అన్నదాంట్లో ఉంది. మొదటి పూత వేసిన నిమిషానికే మాయమైపోతుంది, పొడిగా కనపడుతుంది. రెండోది అక్కడక్కడ మెరుస్తుంది. ఎప్పుడైతే పూత తడి మీద తడిగా నిలబడి మెరుస్తుందో అప్పుడు నోళ్లు మూసుకున్నట్టు.

(సభలోంచి: ఫెవికాల్‌లో నీళ్లు కలిపి పూస్తున్నాం మేము, పనికొస్తుందా అన్నా?)

పనికొస్తుంది, ఎక్కడన్నది చూసుకోవాలి. ఎండీఎఫ్, అంటే చెక్క నారని జిగురుతో అదిమి చేసిన పలక, దాని అంచులకి బాగా పనికొస్తుంది. కోసిన ఎండీఎఫ్ అంచు స్పాంజి లాంటిది, పెయింటు ఎన్నిసార్లు వేసినా తాగేస్తుంది. పల్చటి ఫెవికాల్ ఒక పూత వేసి, ఆరాక లేచిన నూగుని 220 నెంబరు గరుకు కాగితంతో దించి, ఆ మీద ప్రైమర్ వేస్తే నిలబడుతుంది. కానీ రంగు స్టెయిన్ వేసే టేకు మీద వేస్తే, జిగురు తగిలిన చోట రంగు పట్టదు, మచ్చలు తేలతాయి. నీళ్లు తగిలే చోటికైతే అది సరిపోదు. సింకు కింద ప్లైవుడ్ అంచుకి ఎడ్జ్ బ్యాండ్ వేసే ముందు సీలర్ వెయ్యండి. సింకు కింద పైపు కోసం బెజ్జం కొడతామే, ఆ బెజ్జం లోపలి అంచుకి కూడా.

ఇక సాండింగు. ఇక్కడ కాస్త నిదానంగా వినండి, ఎక్కువ పనులు చెడేది ఇక్కడే.

టీపాయ్ చేశారు, వాల్‌నట్ రంగు స్టెయిన్ వేశారు. పైముఖం బ్రహ్మాండంగా వచ్చింది, కొసలు మాత్రం బొగ్గులా నల్లబడ్డాయి. రంగు తప్పు కాదు, డబ్బా తప్పు కాదు. గొట్టాల నోళ్లు రంగుని లోపలికి లాక్కున్నాయి, అంతే. దీనికి రెండు దారులున్నాయి, నేను రెండూ కలిపి వాడతాను. ఒకటి, ముఖాన్ని 180 దగ్గర ఆపితే కొసని 320 దాకా తీసుకెళ్లడం. కొస ఎంత నునుపైతే నోళ్లు అంత మూసుకుంటాయి, రంగు అంత తక్కువ తాగుతుంది. రెండోది, స్టెయిన్‌కి ముందు కొసకి మాత్రం పల్చటి లక్క ఒక పూత. లీటరు స్పిరిట్‌కి 120 గ్రాముల లక్క చాలు. రాత్రి నానబెట్టి పొద్దున చూస్తే అడుగున తెల్లటి మడ్డి కూర్చుంటుంది, అది లక్కలోని మైనం. దాన్ని కదపకుండా పైన తేరుకున్నది వంచుకోండి. మైనంతో కలిపి వేస్తే దాని మీద పీయూ సరిగ్గా పట్టుకోదు, తర్వాత పొట్టు లేస్తుంది. స్పిరిట్ ఉన్న గదిలో బీడీ, సిగరెట్టు వద్దు, ఇది మాత్రం నా మాట వినండి.

కొసని రుద్దేటప్పుడు అందరూ చేసే పొరపాటు తొందర. ముఖం మీద గీతలు నార వెంబడి వెళితే కలిసిపోతాయి. కొస మీద గీతలు కలిసిపోవడానికి నార వరస ఉండదు, ఏ వైపు రుద్దినా గీత గీతగానే మిగులుతుంది. రంపం పళ్ల గుర్తులైతే లోతుగా ఉంటాయి. అందుకని నేను 80తో ఒకే దిక్కున రుద్దుతాను, రంపం గుర్తు ఒక్కటి కూడా లేదనుకున్నాక 120 తీసుకుని అడ్డంగా రుద్దుతాను. పాత గీతలు నిలువుగా, కొత్తవి అడ్డంగా ఉంటాయి కాబట్టి పాతది ఒక్కటి మిగిలినా పట్టుబడుతుంది. మళ్లీ 180 దిక్కు మార్చి. తర్వాత 220, 320. మధ్యలో ఒక నెంబరు దాటేస్తే ఆ గీతలు పాలిష్ పడ్డాక పైకి లేస్తాయి. కాగితాన్ని వేళ్లతో పట్టుకోవద్దు, చెక్క దిమ్మకి చుట్టుకోండి. వేళ్లతో రుద్దితే మెత్తటి భాగం పల్లమవుతుంది, అంచులు గుండ్రమవుతాయి. బెల్టు సాండరు ఒకే చోట నిలిపితే కొస కాలుతుంది, గోధుమ రంగు మచ్చ పడుతుంది, అది పోవడానికి మళ్లీ 80 దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

గీతలున్నాయో లేదో కంటికి తెలియకపోతే స్పిరిట్ తడిపిన గుడ్డతో ఒకసారి తుడవండి. పాలిష్ వేస్తే ఎలా ఉంటుందో ఆ తడి ఉన్నంతసేపు చూపిస్తుంది. సెల్‌ఫోన్ లైటు పైనుంచి కాదు, పక్కనుంచి పట్టండి. దుమ్ము నోళ్లలో కూరుకుపోయి ఉంటుంది, బ్రష్షుతో లాగేయండి, లేకపోతే సీలర్‌తో కలిసి బూడిద రంగు పేస్టులా గట్టిపడుతుంది.

అసలు నన్ను అడిగితే కాగితం కంటే ముందు చిత్రిక. పదునున్న చిత్రికతో కొసని చెక్కితే రుద్దే పని సగం పోతుంది. ఈ టేకు ముక్క చూడండి, దీనికి కాగితం తగల్లేదు. చెయ్యి పెట్టి చూడండి, గాజులా ఉంది. పదును ఎంతుండాలంటే పొట్టు పొడిలా రాలకూడదు, రిబ్బన్‌లా రావాలి. కొస మీద రిబ్బన్ వస్తోందంటే ఆ బ్లేడు దేనికైనా పనికొస్తుంది. మెత్తటి కర్ర అయితే స్పిరిట్ కొంచెం తుడిచి చెక్కండి, పోగులు సాఫీగా తెగుతాయి. ఒక జాగ్రత్త ఉంది. చిత్రికని ఇవతలి అంచు నుంచి అవతలి అంచు దాటిస్తే అవతల చెక్క పెచ్చు లేచిపోతుంది. అవతల ఒక రద్దు ముక్కని క్లాంపుతో బిగించి ఆనించండి, లేదా రెండు వైపుల నుంచీ మధ్యకి చెక్కండి.

మెత్తటి కర్ర అంటే గుర్తొచ్చింది. కొండపల్లి ఇక్కడికి సుమారు 20 కిలోమీటర్లు. అక్కడి కళాకారులు వాడే తెల్లపొణికి ఎంత తేలికైన, ఎంత మెత్తటి కర్రో మీకు తెలుసు. ముందు దాన్ని వేడి చూపించి తేమ తీసేస్తారు. ముక్కలు అతికించేది, సందులు పూడ్చేది చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో. దాని మీద తెల్ల పూత, ఆ పూత ఆరాకే రంగులు. అంటే కర్ర రంగుని తాగకుండా ముందే దాని నోళ్లు మూసి, ఆ మీద బొమ్మకి కళ్లు దిద్దుతున్నారు. మనం సీలర్ డబ్బాతో చేసే పని వాళ్లు వంటింటి సరుకుతో తరతరాలుగా చేస్తున్నారు. వీలైతే ఒక ఆదివారం వెళ్లి వాళ్ల పక్కన కూర్చుని చూడండి.

జిగురు గురించి రెండు మాటలు. కొసకి కొస అతికితే నిలవదు, అందుకే కొసని నాలుకలా చెక్కి, అంటే కుసి తీసి, బెజ్జంలో దించుతాం. తప్పదనుకుంటే కొసకి ముందు పల్చగా జిగురు రాసి, కొన్ని నిమిషాలు తాగనిచ్చి, మళ్లీ మామూలు జిగురు రాసి బిగించండి. కొసలోకి దించిన స్క్రూ కూడా అంతే, పట్టు తక్కువ.

టింబర్ డిపోల్లో పనిచేసేవాళ్లు ఇక్కడున్నారు కాబట్టి ఒకటి అడుగుతున్నాను. లోకల్ కర్ర, వేప గానీ, తుమ్మ గానీ, దిరిశన గానీ, కొట్టిన రోజే దుంగ కొసలకి ఏదో ఒకటి పూయండి. మిగిలిపోయిన పెయింటైనా సరే, మైనమైనా సరే. కొస ముందు ఎండి ముడుచుకుంటుంది, లోపలిది ఇంకా పచ్చిగా ఉబ్బి ఉంటుంది, ఆ లాగుళ్లాటలో పగులు వస్తుంది. విదేశీ దుంగల కొసలకి రంగు ఉంటుందే, అది అందం కోసం వేసింది కాదు. వారం ఆగి పూస్తే లాభం లేదు, పగులు అప్పటికే లోపలికి దిగి ఉంటుంది. మన రోహిణి ఎండలో అయితే ఒక్కరోజు ఆగినా ఎక్కువే. పగిలిన కొస కోసి పారేస్తే ప్రతి దుంగలోనూ ఒక అడుగు పొడవు కర్ర పోతుంది. ఆ చెట్టు ఎన్నేళ్లు పెరిగితే ఆ అడుగు వచ్చిందో ఆలోచించండి.

(సభలోంచి: ఇప్పటికే బిగించిన తలుపులకి ఏం చెయ్యాలి గురువుగారూ? అన్నీ దించలేం కదా.)

మంచి ప్రశ్న బాబూ. ముందు పూత ఉందో లేదో చూడు. సెల్‌ఫోన్ కెమెరా ఆన్ చేసి తలుపు కిందికి తోసి ఫోటో తియ్యి, లేదా చిన్న అద్దం పెట్టు. పచ్చి చెక్క కనపడితే, వేసవి మధ్యలో, చెక్క బాగా ఎండి ఉన్నప్పుడు ఈ పని పెట్టుకో. వానాకాలంలో వేస్తే తాగిన తేమని లోపలే బంధించినట్టవుతుంది. 120 కాగితాన్ని పట్టీలా చింపి తలుపు కింద దూర్చి, రెండు కొసలూ ఇద్దరు పట్టుకుని అటూ ఇటూ లాగితే మురికి పోతుంది. తర్వాత పాత కార్పెట్ ముక్క ఒకటి తీసుకుని, నూగు వైపు పైకి పెట్టి, దాని మీద సీలర్ పోసి, తలుపు కిందికి దూర్చి లాగు. కింద పాత పేపరు పరుచుకో, గచ్చు పాడవకుండా. కార్పెట్ నూగు కుంచెలా పనిచేస్తుంది. మూలల దగ్గర రెండుసార్లు ఎక్కువ లాగు. మర్నాడు మళ్లీ ఒకసారి.

సరే, మన ముక్కలు బయటికి తీద్దాం.

ఇది పూత లేనిది. బయటనుంచి చూస్తే అడుగున నీలం పట్టీ మాత్రమే కనపడుతోంది. ఉలి పెట్టి నిలువునా చీలుస్తున్నాను. ఇదిగో. నీళ్లు అర అంగుళం కూడా లేవు, లోపల నీలం ఎంతదాకా ఎక్కిందో చూడండి, నా బొటనవేలు దాటింది. ఒక చోట సన్నటి గీత ఒకటి ఇంకా పైకి పోయింది, అది ఒక పెద్ద గొట్టం.

ఇప్పుడు పూత వేసింది చీలుస్తున్నాను. అడుగు తెల్లగా ఉంది, లోపలా తెల్లగానే ఉంది. ఆగండి, ఈ మూల చూడండి, వెంట్రుకంత నీలం గీత లోపలికి పోయింది. ఇక్కడ కుంచె తగల్లేదు. రాత్రి వెలుతురు చాలక నేను చూసుకోలేదు.

రెండు ముక్కలూ చేతులు మార్చుకుని చూడండి. పైవైపు పట్టుకోండి, అడుగున ఇంకు ఇంకా తడిగా ఉంది.